పళ్ళు కోసిన సర్వీసు బిళ్ళ

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కూర్చోబెట్టడం మా అమ్మ వల్ల అయ్యేది కాదు, బడిలో టీచరమ్మ వల్లా అయ్యేది కాదు. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే ఊరిని మేము మానుకోట అనేవాళ్ళం. మా ఇల్లు స్టేషను వెనక సందులో ఉండేది. బండి కూత పెడితే ఒక పరుగు, మార్కెట్టుకు మిర్చి బండ్లు వరుస కడితే ఇంకో పరుగు. ఇది చాలదన్నట్టు పదకొండో ఏట నాకు తపాలా బిళ్ళల పిచ్చి పట్టింది. ఇక నిద్రలో కూడా నా వేళ్ళు ఊరుకునేవి కావట.

ఆ పిచ్చి పట్టించింది మా సందు చివరి ఇంటి తాత. ఆయన రైల్లో టపా పెట్టెలో సార్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నడుస్తున్న బండిలో నిలబడి, ఏ ఊరి ఉత్తరాన్ని ఆ ఊరి గూట్లో వేసే ఉద్యోగం. అందుకే కాబోలు, ఇంట్లో నేల మీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టి, బండి కుదుపుకు సిద్ధంగా ఉన్నట్టు నిలబడేవారు. మేమంతా టపా తాత అని పిలిచేవాళ్ళం. ఆయన దగ్గర మూడు ఆల్బములు, ఒక భూతద్దం, బిళ్ళను చేత్తో ముట్టకుండా పట్టుకునే సన్నని చిమటా ఉండేవి.

ఆదివారం మధ్యాహ్నాలు సందులోని పిల్లలమంతా ఆయన అరుగు మీద చేరేవాళ్ళం. లోకంలో మొట్టమొదటి తపాలా బిళ్ళ ఇంగ్లండులో వచ్చిందని, నల్లగా ఉండేదని, దాని మీద రాణి ముఖం తప్ప దేశం పేరు లేదని, ఇప్పటికీ వాళ్ళ బిళ్ళల మీద దేశం పేరు వేసుకోరని చెప్పేవారు. ఆ మొదటి బిళ్ళకు చుట్టూ రంపంలా ఉండే పళ్ళు లేవట. పెద్ద కాగితం నుంచి కత్తెరతో కోసి అమ్మేవారట. దాని మీద ఎర్ర సిరాతో ముద్ర కొడితే, జనం ఆ సిరాను కడిగేసి బిళ్ళను మళ్ళీ వాడుకున్నారట. అప్పుడు బిళ్ళనే ఎర్రగా మార్చి, ముద్రను నల్లగా చేశారట. నిజాం కాలపు బిళ్ళ ఒకటి తీసి, దాని మీద నాలుగు లిపుల్లో ఒకటి మన తెలుగేనని చూపించినప్పుడు మాత్రం ఆయన గొంతు కొంచెం మారేది.

ఆయన ఒకసారి ఢిల్లీ వెళ్ళి దేశదేశాల తపాలా బిళ్ళల ప్రదర్శన చూసొచ్చారు. ఎక్కువమంది గుమిగూడింది మెరిసే బిళ్ళల దగ్గర కాదని, కూలిన విమానంలోంచి తీసిన, అంచులు కాలిన ఒక కవరు దగ్గరని చెబితే మేము నవ్వాం. కాలిన కాగితాన్ని చూడటానికి ఎవరైనా ఢిల్లీ పోతారా అనుకున్నాం. చాలా ఏళ్ళ తరవాత పత్రిక పని మీద నేనూ అలాంటి అంతర్జాతీయ ప్రదర్శనకు వెళ్ళాను. అక్కడ రెండు సెంటీమీటర్ల పొడవులో బిళ్ళకు ఎన్ని పళ్ళున్నాయో కొలిచే స్కేలు ఒకటి ఉంటుంది. తల నెరిసిన పెద్దమనుషులు ఊపిరి బిగబట్టి పళ్ళు లెక్కపెడుతుంటే నాకు నవ్వు ఆగలేదు. పక్కవాళ్ళు వింతగా చూశారు. ఆ నవ్వు ఎందుకో వాళ్ళకు చెప్పాలంటే మానుకోట దాకా తీసుకురావాలి.

నా పదకొండో ఏట హైదరాబాదులో బయటి దేశాల బిళ్ళలు ప్రదర్శనకు పెడుతున్నారని తెలిసింది. తాత మాలో ఒకరిని తీసుకుపోతానన్నారు. ఎవరు తమ బిళ్ళలను ఒక కాగితం మీద పొందికగా అమర్చి చూపిస్తే వాళ్ళు. నా కాగితంలో ఒక జాగా ఖాళీగా ఉంది. సర్కారు ఆఫీసులు మాత్రమే వాడే సర్వీసు బిళ్ళ, మూడు సింహాల బొమ్మది, నా దగ్గర లేదు. మా ఇళ్ళకు సర్కారు ఉత్తరాలు ఎక్కడివి? నేను దుకాణాలు తిరిగాను, మార్కెట్ గుమస్తాలను బతిమాలాను, చెత్తకుప్పలు కెలికాను. ఎక్కడా దొరకలేదు.

మా పక్కింట్లో ఒక గది కిరాయికి తీసుకొని ఒక అక్క ఉండేది. నెల్లికుదురు అవతల తండా నుంచి వచ్చి చదువుకుంది. వాళ్ళ తండాలో పది పాసయిన మొదటి ఆడపిల్ల. ఇంటి నుంచి ఎవరైనా వస్తే వాళ్ళ భాషలో గలగలా మాట్లాడేది, మాతో మా మాటే మాట్లాడేది. నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టుకొని ఇంటర్వ్యూ ఉత్తరం కోసం చూస్తోంది. ఆ సీటు రాకపోతే వచ్చే చైత్రంలో పెళ్ళి చేస్తామని వాళ్ళ బాపు గట్టిగానే చెప్పి పోయాడు. పోస్టాయన సైకిలు గంట వినబడితే నేను బిళ్ళ కోసం ఉరికేదాన్ని, అక్క ఉత్తరం కోసం ఉరికేది. ఇద్దరం ఒకరినొకరు తోసుకునేవాళ్ళం.

శ్రావణంలో తీజ్ వచ్చింది. పెళ్ళికాని ఆడపిల్లలు తండాలో తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే పండుగ. అక్క పదో తారీకున వెళుతూ మా అమ్మతో, "చిన్నమ్మా, ఉత్తరమొస్తే జర తీసి పెట్టున్రి," అంది.

ఉత్తరం వచ్చింది. పదిహేడో తారీకున అని ఇప్పుడు చెప్పగలను, ఆ రోజు తారీకు ఎవరు చూశారు? మట్టిరంగు కవరు, కుడివైపు మూలన సర్వీసు బిళ్ళ. మా అమ్మ దాన్ని దీపం గూట్లో పెట్టింది. నేను ఆ గూటి కింద ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. అక్కకు కావలసింది లోపలి కాగితం, కవరు ఎలాగూ పారేస్తుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు ఉడుకుతున్న అన్నం కుండ ఆవిరి మీద కవరు మూలను పట్టుకున్నాను. బిళ్ళ మెల్లగా లేచి వచ్చింది.

కానీ దాని మీద నల్లటి గుండ్రని ముద్ర ఉంది. ముద్రలో ముప్పావు వంతు బిళ్ళ మీద, పావు వంతు కవరు మీద పడింది. నాకు అది మురికిలా కనబడింది. ఇంగ్లండు జనం కడిగారు కదా, నేనెందుకు కడగకూడదు? సబ్బు నీళ్ళలో నానబెట్టి వేలితో రుద్దాను. ముద్ర పూర్తిగా పోలేదు గానీ మసకబారింది, సింహాలూ వెలిసిపోయాయి. ఇక చుట్టూ ఎలుక కొరికినట్టున్న పళ్ళు. మొదటి బిళ్ళకు పళ్ళు లేవు కదా. మా నాయిన గడ్డం కత్తెర తెచ్చి నాలుగు వైపులా శుభ్రంగా కోసేశాను. ప్రపంచపు మొదటి బిళ్ళలా ఉందనుకొని మురిసిపోయాను.

అక్క ఇరవయ్యో తారీకున వచ్చింది. చేతుల నిండా గోరింట ఎర్రగా ఉంది. మా గుమ్మంలోనే నిలబడి కవరు చింపింది. చదివి, మళ్ళీ చదివి, మెట్టు మీద కూలబడింది. ఇంటర్వ్యూ పన్నెండో తారీకున అయిపోయింది. కాగితం మీద టైపు చేసిన తారీకు మాత్రం ఆ నెల మూడు.

"మూడుకు రాసిందైతే పదికి ముందే రావాలె గద చిన్నమ్మా. నేను ఈడనే ఉన్న," అంది. "ఆలస్యం నాది కాదు. పోస్టుల ఎప్పుడేసిన్రో ముద్ర చూస్తే తెలుస్తది."

కవరు తిప్పింది. వెనకవైపు మా ఊరి పోస్టు ముద్ర సిరా అంటక ఒక్క గీతగా మిగిలింది. ముందువైపు మూలన బిళ్ళ ఆకారంలో తెల్లటి జిగురు జాగా.

"స్టాంపేది?"

"ఊడిపడ్డదేమో బిడ్డా," అంది మా అమ్మ.

నేను గోడ పట్టుకొని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుతున్నాను. బిళ్ళ మీద తారీకు ఉంటుందని, ఆ తారీకుతో ఒక మనిషికి పని ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్క కవరు తీసుకొని టపా తాత దగ్గరికి వెళ్ళింది. నేనూ వెనకే నడిచాను. దూరంగా ఉండలేకపోయాను, దగ్గరికీ పోలేకపోయాను. తాత భూతద్దం పెట్టి మూల చూశారు, వేలితో తడిమారు. ఆవిరికి ఉబ్బి ఆరిన కాగితం ఆయనకు కొత్తేమీ కాదు. తల ఎత్తి అక్కను చూశారు, నన్ను చూశారు.

"సాదా ఉత్తరం బిడ్డా. రిజిస్టరైతే సంతకం ఉంటుండె," అన్నారు. "నేను స్టేషన్‌కు పోయి పొద్దుగాల్ల బండి టైమ్ అడిగొస్త. రేపు ఈ ఉత్తరం పంపిన ఆఫీసుకు పోదాం." తరవాత కవరు నా చేతిలో పెట్టారు. "మా ఇంట్ల చెదలున్నయి. నేనొచ్చేదాక ఇది నువ్వు పదిలంగ పెట్టు పిల్లా. అక్క బతుకు ఇందుల ఉన్నది."

ఆయన తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. దొంగిలించినదాన్నే కాపలా పెట్టి వెళ్ళిపోయారు. ఆ రెండు గంటలు నేను ఎలా గడిపానో చెప్పలేను. ఇంట్లోకి, పెరట్లోకి, మళ్ళీ సందులోకి తిరిగాను. చివరికి అన్నం మెతుకు నలిపి, బిళ్ళను దాని జాగాలో అంటించబోయాను. పళ్ళు కోయడంతో అది చిన్నదైపోయింది. చుట్టూ తెల్లటి అంచు మిగిలింది. ముద్ర గీతను కలిపితే బిళ్ళ వంకర, బిళ్ళను సరిచేస్తే గీత కలవదు. ఎవరో ఎక్కడిదో తెచ్చి అతికించినట్టే ఉంది. కవరు ఒక చేత్తో, బిళ్ళ ఒక చేత్తో పట్టుకొని స్టేషనుకు పరుగెత్తాను.

తాత టికెట్ల కిటికీ దగ్గర ఉన్నారు. నా అరచేతిలో తడి బిళ్ళను చూసి, జేబులోంచి కాగితం తీసి దాన్ని పొట్లం కట్టారు.

"అంటించియ్యి తాతా. నువ్వైతే మంచిగ అంటిస్తవు," అన్నాను.

"అంటించద్దు. అంటిస్తే ఆళ్ళకు అంటించిందే కనబడ్తది."

"మరి ఎట్ల?"

"ఎట్లేంది? తీసినోళ్ళే చెప్పాలె. నేను చెప్తే నమ్మరు, అక్క చెప్తే అస్సలు నమ్మరు. నువ్వొస్తవా?"

ముందు అక్కకు చెప్పమన్నారు. చెప్పాను. అక్క నన్ను కొట్టలేదు. తలుపు మూసుకుంది. మర్నాడు రైల్లో మా ఇద్దరి మధ్య తాత కూర్చున్నారు. దారి పొడుగునా అక్క కిటికీలోంచి బయటికే చూసింది.

ఆ ఆఫీసు ఏ ఊళ్ళోదో, ఏ పేరుదో ఇప్పుడు అవసరం లేదు. గుమస్తా మమ్మల్ని చాలాసేపు నిలబెట్టి, అక్క కాగితం తిరగేసి, ఊరి పేరు చదివాడు.

"తండానా? శ్రావణంల తీజ్ గద మీకు. మొలకలు మంచిగొచ్చినయా? పండుగకు పోయి ఎగిరి, ఇప్పుడు ఇంటర్వ్యూ అంటే ఎట్లమ్మా?"

"మొలకలు మంచిగనే వచ్చినయి సార్," అంది అక్క. "మీ ఉత్తరమే ఆలస్యంగ వచ్చింది."

"మేం మూడుకే పంపినం. ముద్రేది చూపెట్టు."

తాత పొట్లం విప్పి బిళ్ళను కవరు పక్కన పెట్టారు. గుమస్తా పకపకా నవ్వాడు. "ఇదేంది పెద్దమనిషీ, ఏ కవరుదో కోసుకొచ్చినవ్?" ఆ నవ్వుకు లోపలి గదిలోంచి ఒక మేడం బయటికొచ్చారు. తాత కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి నా వైపు చూశారు.

"నేనే తీసిన మేడం. స్టాంపుల కోసం," అన్నాను.

మేడం నన్ను ఎగాదిగా చూశారు. "ఇట్ల చెప్పుమని ఎవరు నేర్పిన్రు?"

ఎవరూ నేర్పలేదు అంటే ఎవరు నమ్ముతారు? నేర్చుకొచ్చినవాళ్ళూ అదే అంటారు. అప్పటిదాకా నేను సగమే చెప్పాను. సబ్బు సంగతి, కత్తెర సంగతి చెప్పలేదు. దొంగతనం ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాను గానీ, అంత తెలివితక్కువ పని చేశానని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అక్క వైపు చూశాను. ఆ ముఖంలో కోపం కూడా లేదు, అయిపోయిందన్న అలసట ఉంది. ఇక ఆగలేదు. అన్నం కుండ ఆవిరి, సబ్బు నీళ్ళు, ఇంగ్లండు జనం ఎర్ర సిరా కడగడం, మా నాయిన గడ్డం కత్తెర, అన్నం మెతుకు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"పండ్లెందుకు కోసినవ్?" అన్నారు మేడం.

"లోకంల మొదటి స్టాంపుకు పండ్లు లేకుండె మేడం. గట్ల చేస్తే మంచిగుంటదనుకున్న."

గుమస్తా మళ్ళీ నవ్వబోయాడు. మేడం నవ్వలేదు. కవరును బల్ల మీద పెట్టించుకొని, తాత ఇచ్చిన భూతద్దంతో బిళ్ళను జరుపుతూ ముద్ర గీతలు కలిపారు. మసక అంకెలు తానే పైకి చదివారు. పదిహేను. ఇంటర్వ్యూ అయిపోయిన మూడు రోజులకు పోస్టులో పడిన ఉత్తరం అది.

"దొంగ సాక్ష్యం తెచ్చేటోళ్ళు స్టాంపును గింత ఖరాబ్ చేసుకోరు," అన్నారు ఆమె గుమస్తాతో. "ఈ నెల పంపిన ఉత్తరాల రిజిస్టరు తీసుకరా."

గుమస్తా కుర్చీలోంచి లేవలేదు. మూడుకే పంపామన్న మాటకు అంతకన్నా వేరే జవాబు ఎవరికీ అక్కర్లేకపోయింది.

మరో వారానికి అక్కను ఇంటర్వ్యూకు పిలిచారు, సీటు వచ్చింది. ఆ బిళ్ళను, కవరును మేడం గుండుసూదితో ఫైలుకు గుచ్చి ఉంచేసుకున్నారు. ఆ రోజు తిరుగు రైల్లో అక్క నా పక్కన కూర్చుంది. బండి దిగేటప్పుడు నా చెవి మెలిపెట్టి, "నిన్ను నిన్న సంపుదమనుకున్న పిల్లా. పండ్ల ముచ్చట చెప్పంగ నాకే నవ్వొచ్చింది," అంది. ఆ తరవాత ఆమె భూపాలపల్లిలో, గనుల పక్క దవాఖానలో చాలా ఏళ్ళు నర్సుగా చేసింది.

తాత హైదరాబాదు ప్రదర్శనకు నన్ను తీసుకుపోలేదు. ఎదురింటి పిల్లను తీసుకుపోయారు. నేను అలిగితే, "నీ కాగితం పొందికగ లేకుండె. మొన్న మంచిగ మాట్లాడినవని స్టాంపులు మంచియయితయా?" అన్నారు. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన నన్ను తీసుకుపోయి ఉంటే ఆఫీసులో నేను చెప్పింది ఈ ప్రయాణం కోసం చెప్పినట్టయ్యేది.

నేను పత్రికలో చేరాక, ఒకసారి నర్సింహులపేట వైపు ఒక ఊళ్ళో చెరువు కట్టను రైతులే తెంచుకున్నారని రాశాను. అది తప్పని నాలుగు రోజులకు తేలింది. పొరపాటుకు చింతిస్తున్నామని రెండు ముక్కలు వేస్తే సరిపోతుందని అందరూ అన్నారు. ఆ రెండు ముక్కలు రాసి కొట్టేశాను, మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశాను. చివరికి ఉన్నది ఉన్నట్టు రాశాను. వాన పడుతోందని నేను ఆ ఊరికి పోలేదని, బస్టాండు హోటల్లో టీ తాగుతూ ఎవరో చెప్పింది విని రాశానని. నాకన్నా చిన్నవాళ్ళు కూడా చదివి నవ్వుకున్నారు. వారం తరవాత ఆ ఊరికి వెళ్ళాను. కట్ట మీద ఉన్న రైతు ఒకాయన నన్ను గుర్తుపట్టి, "హోటల్ల చాయ తాగి రాసినామెవు నువ్వేనా? రా, ఇప్పుడన్న చూసి రాయి," అని ముందు నడిచాడు.

తప్పు ఒప్పుకోవడం చాలామందికి వచ్చు, నాకూ చిన్నప్పుడు ఆ గుమస్తా ముందే వచ్చింది. ఒప్పుకునేటప్పుడు మన తెలివితక్కువతనం బయటపడే ముక్కను దాచుకోవాలనిపిస్తుంది, అవతలివాళ్ళు నమ్మేది మాత్రం ఆ ముక్క వల్లే. ఇన్నేళ్ళయినా అది చెప్పబోయే ముందు నా చెవులు వేడెక్కుతాయి. అవి వేడెక్కకపోతే, ఇంకా ఏదో దాచుకున్నానని నాకు తెలిసిపోతుంది.